మూడో అంతస్తు మెట్లు

నరసింహమూర్తి ఎనిమిదో బియ్యం పొట్లం కూడా సంచిలో దూర్చి, పట్టీలు బిగించి, ఒక చేత్తో ఎత్తి చూశాడు. సరిపోయింది. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచటి మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, తాడు కట్టిన కళ్లజోడు.

నార్సింగిలోని ఆ ఆఫీసు, జనాన్ని హిమాలయాల్లో నడకకు పంపుతుంది. ఎవరికి ఏ దారి అన్నది తేల్చేది మూర్తి. ఆయన పద్ధతి ఒకటే. వచ్చినవాళ్ల వీపుకి బియ్యం సంచి తగిలించి, ఐదంతస్తుల మెట్లూ ఎక్కిస్తూ, పక్కనే తనూ ఎక్కుతూ కబుర్లాడతాడు. ఏ ఊరు, పొద్దున్న ఏం తిన్నారు, ఇంట్లో ఎవరెవరు. జవాబులు తెగకుండా వస్తే నీలం కార్డు, మంచు కొండని దాటించే పెద్ద కనుమ దారి. మధ్యలో మాట తెగితే ఆకుపచ్చ కార్డు, దేవదారు లోయ దారి. ఇంతమందికి దారి చెప్పే పెద్దమనిషి ఇంతవరకూ మంచు మొహం చూడలేదు. ఆయన ఎక్కిన పెద్ద కొండ అన్నవరం.

“నోరు బొంకుతుంది గానీ ఊపిరి బొంకదండీ,” అంటుంటాడు.

ఆ పొద్దున గోపన్‌పల్లి నుంచి ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. మెట్లు చకచకా ఎక్కేసి, నీలం కార్డే కావాలని పట్టుబట్టాడు. మూర్తి ఆయన్ని దిగమన్నాడు. రెండో అంతస్తు దగ్గర ఆయన చెయ్యి గోడ పట్టుకుంది.

“మోకాలి సంగతి ఎక్కేటప్పుడు తెలీదండీ, దిగేటప్పుడు తెలుస్తుంది. మీకు పైదాకా నడక, తిరిగొచ్చేందుకు జీపు ఉన్న దారి రాస్తాను.”

పెద్దాయన ముందు మూతి ముడిచాడు, తరవాత నవ్వేశాడు. మూర్తికి ఆ పూటకి అంతకంటే ఏం కావాలి?

మూడింటికి విమానాశ్రయానికి వెళ్లే వ్యాను వచ్చింది. ఒకే సాఫ్ట్‌వేర్ టీమ్ వాళ్లు పదకొండు మంది, మేనేజరుతో సహా. అందరివీ నీలం కార్డులే. మూర్తి ఒక్కొక్క పేరూ పిలిచి సంచులు అందిస్తున్నాడు.

“హేమంత్.”

చెయ్యెత్తిన కుర్రాణ్ణి చూసి మూర్తి ఆగిపోయాడు. బొద్దుగా, గుండ్రటి మొహం, మెడలో కంపెనీ ట్యాగు. నెల కిందట ఆ పేరుతో మెట్లెక్కినవాడు సన్నగా, గడ్డంతో ఉన్నాడు. ఐదో అంతస్తు దాకా పొద్దున్న తిన్న ఉగ్గాని గురించి ఆపకుండా చెప్పాడు.

“ఒక్క నిమిషం ఇలా రండి బాబూ,” అని మెట్లవైపు తీసుకెళ్లాడు. సంచి కూడా తగిలించలేదు. రెండో అంతస్తులో మాట తెగింది. మూడో అంతస్తులో కుర్రాడు మెట్టు మీద కూలబడి, ఉక్కిరిబిక్కిరవుతూ మెడలోని ట్యాగు తీసి కమ్మీకి తగిలించాడు. ఛాతీలోంచి సన్నగా ఈల వినిపించింది.

ఆ ఉబ్బసపు ఈల మూర్తికి కొత్తేమీ కాదు. భార్య వీరలక్ష్మి పక్కన పడుకుని పందొమ్మిదేళ్లు విన్నాడు. అన్నవరంలో ఆమె సగం మెట్ల మీద కూర్చుండిపోతే, “ఇంకో నాలుగు మెట్లే కదే,” అని చెయ్యి పట్టి లేపింది తనే. ఎక్కింది పాపం. వారం తిరక్కుండా పోయింది.

“మొన్న ఎక్కింది ఎవరు బాబూ?”

“మా రూమ్మేటు సార్. నా పేరు మీద ఎక్కినాడు.”

ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూకి కూర్చోవడం ఈ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో విన్నదే. ఊపిరి కూడా అరువు తెస్తారని మూర్తికి తోచలేదు. ఒళ్లు మండింది, వెంటనే జాలేసింది.

గబగబా జేబులోంచి ఆకుపచ్చ కార్డు తీసి పేరు రాశాడు. “చూడండి, రెండ్రోజులూ అందరితోనే నడుస్తారు. మూడోరోజు వాళ్లు కనుమకి, మీరు లోయకి. అంతే తేడా.”

“వద్దు సార్. వచ్చే నెల టీమ్‌లో ఇద్దర్ని తీసేస్తారంట. మేనేజరు కూడా వస్తాండాడు. అందరూ పైకి పోతా ఉంటే నేనొక్కడ్నే కింద నిలబడితే, ఆయనకి నేనే గుర్తుంటా. ఏం గాదులే సార్, మందు జేబులోనే ఉంది.”

కార్డు ముట్టుకోకుండానే దిగిపోయాడు.

మూర్తి వెనకాలే దిగి, యజమాని రవికిరణ్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. రవికిరణ్ చూపు గడియారం మీదే ఉంది.

“ఫ్లైట్ టైమ్ అవుతోంది మూర్తిగారూ. ఆరోగ్యం బాగుందని ఆయన సంతకం పెట్టాడు. మీరిచ్చిన కార్డూ నీలమే కదండీ?”

“ఆ కార్డు ఈయనది కాదండీ.”

“పేరు ఈయనదే కదండీ!”

మూర్తి వ్యాను దగ్గరికి వెళ్లాడు. మేనేజరు ముందు సీట్లో కూర్చుని, “ఏం సార్, అందరం ఫిట్టేనా?” అని హుషారుగా అడిగాడు. వెనక సీట్లోంచి హేమంత్, ఎవరికీ కనపడకుండా ఒళ్లో రెండు చేతులూ జోడించాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? మూర్తి నోరు తెరిచాడు.

“ఫిట్టేనండీ. జాగ్రత్తగా వెళ్లిరండి.”

వ్యాను కదిలింది. ఆకుపచ్చ కార్డు ఆయన చేతిలోనే నలిగిపోయింది.

ఆ తరవాత మూర్తి ఎవర్నీ మెట్లెక్కించలేదు. వచ్చినవాళ్లందరికీ లోయ దారే రాశాడు. పరుగుపందేలకి వెళ్లే పాతికేళ్ల పిల్లకి కూడా. రవికిరణ్ విసుక్కున్నాడు. ఆరోరోజు మధ్యాహ్నం వచ్చిన ఫోను పెట్టేశాక మాత్రం, లేచి మూర్తి పక్కకొచ్చి కూర్చున్నాడు.

“హేమంత్ పోయాడండీ,” అన్నాడు. “కనుమ ఇంకో నాలుగడుగులే ఉందని అందరూ ఉత్సాహపరిచారట.”

మూర్తి లేచాడు. ఎందుకో తనకే తెలీదు, బియ్యం సంచి వీపుకి తగిలించుకుని మెట్లెక్కసాగాడు. పక్కన అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మూడో అంతస్తులో ఆగి, సంచితోనే కూర్చుండిపోయాడు.

ఎదురుగా కమ్మీకి ట్యాగు వేలాడుతోంది, దాని మీద హేమంత్ అన్న పేరు, పేరు పైన ఆ గుండ్రటి మొహం.