వాకిలికి ఆనించిన చీపురు

సినిమా మొదలు కాకముందే వెలికా దాని మీద ఒక అభిప్రాయానికి వచ్చేసింది. అందుకు కారణం ఉంది. ఆ సినిమా తీసిన రాలిత్సా అనే అమ్మాయి నిరుడు వేసవంతా మిన్కా ఇంట్లో టీ తాగుతూ కూర్చుంది. మిన్కా వెలికాకు స్వయానా చెల్లెలు. తల్లి చివరి రోజుల్లో, వెలికా వద్దంటున్నా వినకుండా, ఆమెను పట్నం ఆసుపత్రిలో చేర్చింది మిన్కాయే. తల్లి అక్కడే, పరాయి మంచం మీద ప్రాణం విడిచింది. సమాధి దగ్గర నలుగురూ వింటుండగా, "అమ్మను పొట్టనబెట్టుకున్నది నువ్వే," అంది వెలికా.

ఆ మరుసటి వసంతంలో మన్నింపుల ఆదివారం వచ్చింది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి, చెయ్యి ముద్దాడి, తప్పు మన్నించమని అడగాలి. వెలికా కోపం దిగమింగుకొని, వాకిలి ఊడ్చి, రవ్వహల్వా చేసి, పొద్దుగూకేదాకా ఎదురుచూసింది. మిన్కా రాలేదు. ఆనాటి నుంచి ఒకే ఊళ్ళో ఉంటూ ఇద్దరికీ మాటల్లేవు.

రేపు మళ్ళీ ఆ ఆదివారమే. సరిగ్గా దాని ముందురోజే ఊరి పఠనమందిరం హాల్లో ఈ సినిమా వేయడం కాకతాళీయమంటే వెలికా నమ్మలేదు. బతుకంతా మందుల దుకాణంలో గడిపిన మనిషి. సీసా మీది పేరు ఒకటి, లోపలి సరుకు మరొకటి కావచ్చునని ఎరిగినది. కోటైనా విప్పకుండా మూడో వరుసలో కూర్చుంది. వెనకెక్కడో మిన్కా ఉందని దగ్గును బట్టి తెలిసింది. ఆ పొడిదగ్గు వాళ్ళ అమ్మది.

సినిమాలో ఒక ముసలామె బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఉంది. తీస్తూనే ఉంది. మరొకామె చేతిలో మూటతో గుట్ట ఎక్కి, ఒక ఇంటి ఇనుప గేటు దగ్గర ఆగింది. ఆమె భుజం మీదుగా కెమెరా లోపలికి చూసింది: మూసిన తలుపు, దానికి అడ్డంగా ఆనించిన చీపురు, పొగగొట్టంలోంచి పొగ. పక్క కిటికీ గట్టు మీద బోర్లించిన నీలం గిన్నె, దాని మీద ఒక ఏటిరాయి. దృశ్యం ఎంతకీ కదలలేదు. చివరికి ఆమె మూటతోనే వెనుదిరిగింది.

వెలికాకు చెవులు వేడెక్కాయి. అయితే ఇదన్నమాట! గడపకు వచ్చిన చెల్లెల్ని పొమ్మన్న రాక్షసిగా తనను ఊరంతటి ముందూ నిలబెట్టారు. రానే రాని మనిషి, వచ్చినట్టు కథ అల్లింది.

దీపాలు వెలిగాయి. రాలిత్సా వేదిక ముందుకొచ్చి, చేతులు నలుపుకుంటూ, ఎలా ఉందో చెప్పమంది.

"ఏమీ అనుకోకమ్మాయ్," అన్నాడు కాఫీ దుకాణం గెంచో, "ఆవిడ ఆ దుంపలు చెక్కేలోపల నేను ఇంటికెళ్ళి, భోంచేసి, ఓ కునుకు తీసి రావచ్చు."

"కునుకు ఇక్కడే తీశావుగా, గురకతో సహా!" అంది గుళ్ళో కొవ్వొత్తులమ్మే స్తోయ్నా. "నేనైతే కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. రుమాలు పిండాలిప్పుడు."

టాక్సీ నడిపే స్పాస్ లేచాడు. "ఏడవడానికి ఏముందత్తా అందులో? ఒక చీపురు! నటులకివ్వడానికి డబ్బుల్లేక చీపురుతో కానిచ్చేశారా?"

"ఓరి తెలివితక్కువ సన్నాసీ! వాకిలికి చీపురు ఆనిస్తే ఇంట్లో ఎవరూ లేరని గుర్తు. మీ అమ్మ చెప్పలేదూ?"

"మరి పొగ వస్తోందిగా?"

"అక్కడే ఉందిరా కిటుకు! ఉన్నాను గానీ నీకు లేను, అంటోంది లోపలావిడ. పాపిష్ఠిది!"

ఆ చివరి మాట వెలికా వీపు మీద వాతలా పడింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఒక చిన్న విషయం ఆమెను కూర్చోబెట్టింది. చీపురు ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది, పొగా అంతే. ఆ గిన్నె? అది అమ్మ గిన్నె. ఆ మన్నింపుల ఆదివారం ఒక్కరోజే, చల్లారబెట్టిన హల్వా మీద మూతగా కిటికీ గట్టు మీదికి వచ్చింది. రాయి పెట్టినా ఆగక, సాయంత్రానికల్లా పిల్లి దాన్ని కిందికి తోసి బద్దలు కొట్టింది. సందు చివరి ఇల్లు, దారినపోయే వాళ్ళుండరు. ఆ రాయిని చూడాలంటే ఆ రోజు ఆ గేటు దగ్గర నిలబడి ఉండాలి.

"అమ్మాయ్," అంది కూర్చునే, "గిన్నె మీద రాయి ఎందుకు పెట్టావు?"

"నాకూ తెలియదు పెద్దమ్మా," అంది రాలిత్సా. "ఈ కథ చెప్పినావిడ రాయి ఉందంది. అందుకని పెట్టాను."

వెలికా వెనక్కి తిరగలేదు. "అయితే నీ సినిమాలో తప్పుంది. చుట్టం వస్తుందని లోపలావిడ వాకిలి ఊడ్చింది. పొయ్యి మీద హల్వా మాడుతోందని చీపురు అక్కడే ఆనించి, వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి పరుగెత్తింది. హల్వా దించి కిటికీలో పెట్టే హడావుడిలో చీపురు సంగతే మరిచిపోయింది. అదెక్కడా చూపించలేదు నువ్వు."

వెనకనుంచి దగ్గు వినిపించింది. తరువాత మిన్కా గొంతు: "గేటు దగ్గర నిలబడ్డదానికి వెనక గుమ్మం ఎలా కనబడుతుంది?"

"కేకెయ్యచ్చుగా. నోరు లేదా దానికి?"

"సమాధి దగ్గర అంత మాట పడ్డాక నోరెలా పెగులుతుంది?"

"ఈ సమాధి ఎక్కడొచ్చింది సినిమాలో?" అన్నాడు గెంచో. "నేను పడుకున్నప్పుడా?"

స్తోయ్నా వాడి డొక్కలో మోచేత్తో పొడిచింది.

అక్కచెల్లెళ్ళు చెరొక తలుపులోంచీ బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు వెలికా వాకిలి ఊడ్చి, చీపురును కొట్టంలో పెట్టి గడియ వేసింది. హల్వా చేసింది. గేటు బార్లా తెరిచి కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఎవరూ రాలేదు. పాత అనుమానం మళ్ళీ తల ఎత్తింది: ఆ మాటలన్నీ జనం కోసమేనేమో, జాలి దండుకొని ఇంట్లో నవ్వుకుంటోందేమో. కానీ కారణాన్ని వదిలి ఫలితాన్ని తిట్టడం న్యాయం కాదని కూడా ఆమెకు తోచింది. ఒకసారి గేటు దాకా వచ్చి తిరిగిపోయిన మనిషి, రెండోసారి ఎవరిని నమ్మి వస్తుంది?

పెద్దది చిన్నదాని గడప తొక్కి మన్నింపు అడగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. వెలికా హల్వా పళ్ళాన్ని గుడ్డలో కట్టుకొని గుట్ట దిగింది.

మిన్కా ఇంటి గేటు దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మూసిన తలుపుకు అడ్డంగా చీపురు ఆనించి ఉంది. పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది.

ఊడ్చి మరిచిపోయిందా, పగ తీర్చుకుందామని పెట్టిందా? రెండూ ఒకేలా కనబడుతున్నాయి. ఎంతసేపు చూసినా ఒకేలా కనబడుతున్నాయి. నిన్నటి దృశ్యం అంతసేపు ఎందుకు కదలలేదో వెలికాకు ఇప్పుడు తెలిసింది.

గేటు తోసింది. వాకిలి దాటి, చీపురు తీసి గోడ వారగా నిలబెట్టి, తలుపు తట్టింది.

లోపల దగ్గు. "ఎవరూ?"

"చీపురు పక్కన పెట్టాను," అంది వెలికా. "తలుపు మాత్రం నువ్వే తియ్యాలి."