ఏడు చుట్ల స్ప్రింగు

నేను ఒక ఉక్కు స్ప్రింగును. పుట్టినప్పుడు ఎనిమిది చుట్లు, ఇప్పుడు ఏడే. ఆ ఒక్కటీ ఎలా పోయిందో చెబుతాను.

బెజవాడ ఆటోనగర్‌లో మస్తాన్ వలీ షెడ్డు నా పుట్టిల్లు. కాల్చిన కడ్డీని దిమ్మకు చుట్టి, నూనెలో ముంచి, ఒకే కాన్పులో ముగ్గురిని తీశాడు. ఒకరిని అటక మీద దాచి, నన్నూ మిగిలిన తోబుట్టువునూ అనసూయ అనే అమ్మాయి రేసు కారుకు వెనక బిగించాడు. ఆదివారం పోటీలో మంచి సమయం సాధిస్తేనే ఆమెకు జట్టులో చోటు. లేకపోతే ఈ ఏడాదికి ఇంటి ముఖం పట్టాల్సిందే.

మస్తాన్ ముప్ఫై ఏళ్ళుగా లారీల కమాను కట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు, బాగుచేసినవాడు. లారీకి బరువంతా వెనకే కదా, అందుకని అలవాటు కొద్దీ మమ్మల్ని ముందు స్ప్రింగులకన్నా గట్టిగా చేశాడు. ఈ కారుకు వెనక మోయడానికి ఏముంది? గురువారం సాధనలో మొదటి మలుపులోనే ముందు స్ప్రింగులు మెత్తగా వంగి తప్పుకున్నాయి. భారం నా టైరు మీద పడి, అది పట్టు విడిచింది.

"కారు తోక ఆగట్లేదు, పక్కకు జారిపోతోంది బాబాయ్," అంది అనసూయ.

"వెనక మెత్తబడాలమ్మాయ్. ఒక చుట్టు కోసేద్దాం."

కమాను కట్టలో ఒక పట్టీ తీస్తే కట్ట మెత్తబడుతుంది. నేనూ అంతేననుకున్నాడు. పొడుగాటి వేపపుల్ల సులువుగా వంగుతుంది, పొట్టిది వంగదు. నా సంగతీ అదే. చుట్టు తగ్గితే ఇంకా గట్టిపడతాను. అరిచి చెప్పాలనిపించింది, కానీ నాకు నోరేదీ? రంపం మా ఇద్దరి మీదా పని కానిచ్చింది.

శుక్రవారం కారు గిర్రున తిరిగి టైర్ల గుట్టను గుద్దుకుంది. అనసూయ దిగి సొట్టపడిన రేకును తడిమి చూస్తుంటే నాకు సిగ్గేసింది. "దొంగ ఉక్కు," అని మస్తాన్ నన్ను పాత ఇనుములోకి విసరబోయాడు.

"ఆగు బాబాయ్. ముందు కొలుద్దాం."

ఒక్కో స్ప్రింగు మీదా చెక్క వేసి, సిమెంటు బస్తా ఎత్తి, స్కేలు పట్టింది. ముందు చక్రాల స్ప్రింగు అంగుళం దిగింది. అటక మీది ఎనిమిది చుట్ల తోబుట్టువు ముప్పావు అంగుళం. నేను అంతకన్నా తక్కువ. మస్తాన్ బస్తా దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ చూశాడు.

"నేనే కోశాను కదమ్మాయ్," అన్నాడు చివరికి.

"కొత్తవి చేసే టైం లేదు బాబాయ్. వీటిని ముందుకు, ముందువాటిని వెనక్కి మారుద్దాం."

ఆదివారం నేను ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. నా గట్టిదనం వల్ల కారు ముక్కు కాస్త మొండికేసింది, మలుపులో జానెడు బయటికి జరిగింది. తోక మాత్రం బుద్ధిగా వెంట వచ్చింది. అనసూయకు చోటు దొరికింది. చివరి చోటే, అయినా చోటు చోటే.

తర్వాత కారుకు కొత్తవి బిగించారు, ఇప్పుడు నేను మస్తాన్ బల్ల మీద ఉంటున్నాను. ఎవరైనా స్ప్రింగు కోయమని వస్తే, ముందు ఎనిమిది చుట్ల తోబుట్టువు మీదా, తర్వాత నా మీదా బస్తా పెట్టి తేడా చూపిస్తాడు. "దీన్ని దొంగ ఉక్కన్నాను. తప్పు నాది," అంటాడు. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.