ఫోను గొంతు

మూట ముడి విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. ఖలందర్ ఇస్త్రీపెట్టెను పక్కకు నిలబెట్టి, రెండు చేతులూ మూటలోకి పోనిచ్చాడు. లోపల నాలుగు తోబులు. ఒకటి బూడిద రంగు, రెండు ముదురు గోధుమ రంగు, ఒకటి నలుపుకు ఒక మెట్టు తక్కువ. మడమల దాకా దిగే ఆ పొడుగు చొక్కాల్లో ఏప్రిల్ నుంచి తెల్లవి తప్ప ఇంకో రంగువి ఆ బల్ల ఎక్కలేదు.

"ఖాదరూ, వచ్చేసినాయిరా!"

వెనక గదిలో వాషింగ్ మిషను దగ్గరున్న తమ ఊరి కుర్రవాడు ఖాదర్ తడి చేతులతో తొంగి చూశాడు. "ఏంది మామా వచ్చింది?"

"చలికాలం. ఇట్ల వచ్చి వాసన సూడు."

సౌదీలోని ఈ నజ్రాన్‌లో కాలం మారిందని చుక్కను చూసి చెప్పేవాళ్ళున్నారు, ఖర్జూరం గెలను చూసి చెప్పేవాళ్ళున్నారు. ఖలందర్ మూటను చూసి చెబుతాడు. ఎండలున్నన్నాళ్ళూ ఊరంతా తెలుపే. అక్టోబరులో ఏదో ఒక తెల్లవారుజామున ఎవరికో ఒకరికి భుజాలు జలదరిస్తాయి. ఆ ఇంట్లో పెట్టె తెరుచుకుంటుంది. మరుసటి రోజు లాండ్రీకి ఉన్ని బట్ట వస్తుంది.

ఇస్త్రీపెట్టె వేడిని రెండు గీతలు వెనక్కి తిప్పాడు. ఉన్ని మీద నేరుగా పెట్టె ఆనిస్తే మెరుపెక్కి బట్ట పాడైపోతుంది. తడిపి పిండిన పలచటి గుడ్డ పైన పరిచి, పెట్టెను తోయకుండా, పసిబిడ్డ వీపు తట్టినట్టు ఎత్తి ఎత్తి ఆనించాలి. తెల్లబట్టతో ఆరు నెలలు కుస్తీ పట్టిన చెయ్యి ఒక్కసారిగా నెమ్మదించింది. గుడ్డ కింద ఉన్ని వెచ్చబడి, మేకపిల్ల కడుపులాగా మెత్తగా పొంగింది. ఖలందర్‌కు ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ క్షణం ఇష్టం. వాళ్ళ నాయన రాయచోటి పక్క పల్లెల్లో విల్లు భుజాన వేసుకుని ఇంటింటా దూది ఏకిన మనిషి. బట్ట ఏం కోరుకుంటుందో చేతికి తెలియడం ఆ ఇంటి నుంచి వచ్చిన ఆస్తి. అంతకుమించి ఆస్తి ఏదీ రాలేదు.

యాభై ఆరేళ్ళ మనిషి. బక్కపలచన. పెట్టె పట్టీ పట్టీ కుడి భుజం ఎడమదానికంటే ఒక వేలెడు కిందికి జారింది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు చింతగింజల్లా నల్లగా ఉన్నాయి. కూర్చుని చేసే పని కాదు గనక పిక్కల మీద నరాలు తేలాయి. బల్ల వెనక అతనుంటాడని ఈ వీధిలో చాలామందికి తెలియదు. అతనికి మాత్రం వాళ్ళందరూ తెలుసు, కాలరు లోపల రాసిన నంబర్లుగా. అరవై రెండు ఈ ఏడాది లావయ్యాడు. నూట తొమ్మిది బడిపంతులు, కుడి జేబులో ఎప్పుడూ సుద్దపొడి. ముప్పై నాలుగు ఇంట్లో పిల్లవాడి తోబుకు రెండేళ్ళలో నాలుగంగుళాల మడత విప్పారు. ఉన్ని తోబు జేబుల్లో అయితే పోయిన చలికాలమంతా మిగిలి ఉంటుంది. వేరుశనగ పొట్టు, చాక్లెట్ కాగితం, ఎండిన చిగురు. దొరికినదాన్ని చిన్న కవరులో వేసి హ్యాంగరుకు తగిలించడం ఖలందర్ అలవాటు. పారెయ్యడానికి అతనికి మనసొప్పదు.

"మామా, తలుపు తీస్తానా?" అన్నాడు ఖాదర్.

"ఇంకా అడగతాండావా?"

మే నెలలో మూసిన తలుపు. ఏసీ ఉన్నా బాయిలరు ఆవిరికి లోపల చెమట ఆరేది కాదు. ఖాదర్ తలుపు పూర్తిగా తెరిచి సబ్బునీళ్ళ డబ్బా అడ్డం పెట్టాడు. ఒక్కసారిగా వీధి లోపలికి వచ్చింది. అఫ్గానీ భట్టీలో రొట్టె అంటించే చప్పుడు. మంగలి షాపువాడు కుర్చీని కాలిబాట మీదికి ఈడుస్తున్నాడు. ఎదురింటి మేడ మీద ఎవరో కంబళ్ళు దులుపుతున్నారు. కొండల వైపు నుంచి గాలి వచ్చి వరసగా వేలాడే ప్లాస్టిక్ కవర్లను గలగలలాడించింది. ఖలందర్ చొక్కా పై గుండీ విప్పి ఆ గాలిని లోపలికి పోనిచ్చాడు. ఏమీ లేదు, వట్టి గాలే. కానీ మనిషికి నవ్వొచ్చింది.

"నవ్వతాండావు మామా. ఫోను వచ్చేలోపల ఆ మొగం మార్సుకో," అన్నాడు ఖాదర్.

ఆ మాట వెనక సంగతి ఉంది. ఇక్కడ పనిచేసే మనవాళ్ళందరికీ రెండు గొంతులుంటాయి. ఒకటి మామూలు గొంతు. రెండోది ఇంటికి ఫోను చేసేటప్పుడు తీసే గొంతు. ఎండ, తిండి, నడుము నొప్పి, నిద్రలేమి ఆ గొంతులోనే ఉంటాయి. అబద్ధం కాదు, అవన్నీ ఉన్నవే. కానీ నిజమంతా అది కాదు. అక్కడ ఆలి ఒంటరిగా ఇల్లు మోస్తుంటే, ఇక్కడ సాయంత్రం పూట పార్కు గడ్డిలో కాళ్ళు చాపుకుని పిల్లల ఆట చూశానని ఏ మొహంతో చెబుతాడు? దీనికి ఖాదర్ పెట్టిన పేరు ఫోను గొంతు. ఖాదర్‌కూ ఉంది. కాకపోతే వాడు కుర్రవాడు, గొంతు సరిగా నిలవదు.

ఈ రోజు ఆ గొంతుతో పెద్ద పనే పడింది. ఖలందర్ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, నెలాఖరుకు ముగుస్తుంది. కొట్టు యజమాని, కఫీల్ అబూ నాసిర్ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వచ్చి ఒకే మాట అడుగుతాడు: ఇంకో ఏడు పొడిగించాలా, ఖురూజ్ కొట్టించాలా? ఖురూజ్ అంటే ఇంటికి పోవడమే, మళ్ళీ రావడం ఉండదు. భార్య జైనాబ్ మూడేళ్ళుగా వచ్చెయ్యమంటోంది. ఒక్కతే కూతురు ఆరిఫా, మదనపల్లెలో కాపురం చేసుకుంటోంది, తీరని బాధ్యత ఏదీ లేదు. మూడేళ్ళూ ఖలందర్ ఒకే జవాబు చెప్పాడు, "కఫీలు పంపనంటాండాడు" అని. ఆ అబూ నాసిరేమో కోడి గుడ్లు పొదుగుతుంటే చప్పుడు కాకుండా పక్కనుంచి నడిచిపోయే రకం. పల్లెలో మాత్రం ఆయన పేరు రాక్షసుడి కింద జమ. జైనాబ్ శాపనార్థాలు పెట్టని శుక్రవారం లేదు. ఆయన కనపడినప్పుడల్లా మీ ఇంట్లోవాళ్ళు బాగున్నారా అని అడిగితే, మీ కోసం దువా చేస్తున్నారండీ అని ఖలందర్ తల దించుకుని చెబుతాడు.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు కొట్టు కట్టేశారు. అన్నం తిన్నాక ఖలందర్ స్టూలు తలుపు దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని ఫోను కలిపాడు.

"తిన్యావా?" అంది జైనాబ్.

"తిన్నా. ఏం తిండిలే. ఈ ఎండలకు నోటికేం సయిస్తాది."

"అక్టోబరు గదా. ఇంగా ఎండలేనా?"

"ఈ దేశంలో ఎండకు నెలేంది, పాడేంది."

వీధిలో పిల్లలు బంతిని గోడకు తన్నుతున్నారు. గోల్ పడినట్టుంది, కేకలు లేచాయి. ఖాదర్ లోపలి నుంచి ఈల వేశాడు.

"ఎవురో బలే సంతోషంగా ఉండారే ఆడ," అంది జైనాబ్.

"పిల్లోల్లులే... మేయ్, ఒక మాట. ఇఖామా అయిపోతాంది. కఫీలు ఈసారీ ఒప్పుకోల్యా. ఇంకొక సంవత్సరం ఉండాల్సిందే అంటాండాడు."

లైను తెగిందేమోనని ఖలందర్ ఫోను మొహం ముందుకు తెచ్చి చూశాడు.

"ఆ మారాజును ఇడిసిపెట్టప్పా పాపం," అంది జైనాబ్ నిదానంగా. "మూడేండ్లు ఆయన్ని నోటికొచ్చినట్ల తిట్టినా. పోయిన నెల ఖాదర్ పెండ్లాం చెప్పింది, అడిగిన రోజే పంపించే మనిషంట గదా."

ఖలందర్ తల తిప్పి ఖాదర్ వైపు చూశాడు. ఖాదర్ అప్పటికే వెనక గదిలోకి జారుకున్నాడు.

"నీకు ఆడ బాగుండాది. అంతే గదా?" అంది జైనాబ్.

ఇరవై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. బాగున్నావా అని అందరూ అడిగారు. బాగుందా అని ఒక్కరూ అడగలేదు. ఖలందర్‌కు చెవులు వేడెక్కాయి. దొంగతనం చేసి దొరికినవాడిలా చొక్కా అంచు నలిపాడు. ఫోను గొంతు కోసం వెతికితే అది రాలేదు.

"బాగుండాది మేయ్," అన్నాడు. "ఎండాకాలం నరకమే, అబద్ధం కాదు. కానీ ఈ పొద్దు తలుపు తీసినాం. గాలి సల్లగా వొచ్చింది. ఉన్ని బట్ట వొచ్చింది. దాని మీద సెయ్యి పెడితే... ఎట్ల చెప్పేది నీకు... సాయంత్రం దీపాలేస్తారు, అందరూ కుర్చీలు బయటేసుకుంటారు. నాతో ఎవురూ మాట్లాడరు. ఊరికే సూస్తాంటా. అంతే. దానికే కడుపు నిండుతాది."

"అంతేనా?"

"అంతే."

"దీనికి మూడేండ్లు దాసిపెట్టినావా!" జైనాబ్ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నేనూ ఒకటి చెప్పాల. స్కూటీ నేర్సుకున్యా. రెండేండ్లయింది."

"ఏందీ?"

"ఆరిఫా నేర్పించింది. రెండు తూర్లు పడినా, మోకాలు దోక్కపాయింది. నీకు కాలు జారిందని చెప్పినా సూడు, అదే. ఇప్పుడు జుమ్మా పొద్దు రాయచోటికి పోయి ఐసుక్రీం తిని వస్తా. ఒగదాన్నే."

ఖలందర్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలా?"

"నువ్వు ఎండలో మాడిపోతాంటే, నేను స్కూటీ మీద తిరగతాండానని ఎట్ల చెప్పేదప్పా? నీకు బాగుండేది నువ్వు దాసినావు, నాకు బాగుండేది నేను దాసినా. ఫోనెత్తితే ఇద్దరం ఏడ్సుకుంటా ఇన్నేండ్లు గడిపినాం."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఖలందర్ నవ్వు దగ్గులోకి దిగింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉంటావో వొస్తావో నీ ఇష్టం," అంది జైనాబ్. "ఉంటే ఉండాలనిపించి ఉంటానని చెప్పు. ఇంగొకరి మింద పెట్టొద్దు."

ఖలందర్ గుమ్మంలో నిలబడి వీధిని చూశాడు. ఇంకో ఏడాది అడగడం కష్టం కాదు. ఆమె కాదనదు కూడా. ఎదురు మేడ మీద కంబళ్ళు వరసగా ఎండుతున్నాయి. వాటికింద నీడలో పిల్లి పడుకుంది. ఇదంతా వదిలి పోవడమంటే ఒక వేలు కోసి ఇవ్వడం లాంటిదే. అయినా స్కూటీ మీద జైనాబ్ కళ్ళకు కడుతోంది. కొంగు బిగించి, రాయచోటి రోడ్డు మీద, హారను కొడుతూ. ఎంత ఊహించుకున్నా ఆమె ముఖం ఎలా ఉంటుందో అంతుపట్టలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం తనకు తెలియకపోవడం అతనికి వింతగా తోచింది.

"ఎనక కూసోబెట్టుకుంటావా?" అని అడిగాడు.

"నువ్వు బక్కోడివే గదా, మోస్తాదిలే."

అసర్ అయ్యాక అబూ నాసిర్ వచ్చాడు. తెల్లగడ్డం, చేతిలో కారు తాళాలు. గుమ్మంలో ఆగి, తెరిచి ఉన్న తలుపును చూసి, "మాషా అల్లాహ్, గాలి మారింది" అన్నాడు. ఖలందర్ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో ఖురూజ్ అని చెప్పాడు. ఆయన నమ్మనట్టు మళ్ళీ అడిగాడు. ఖలందర్ మళ్ళీ అదే చెప్పాడు.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదు. ఇక్కడ చాలా బాగుంది. ఇంట్లో కూడా బాగుందట. చూడాలి."

అబూ నాసిర్ బయటికి నడిచి, కారు తలుపు తీసి, ఏదో పట్టుకుని తిరిగొచ్చాడు. నారింజకాయ. తన తోటలోది, ఈ ఏటి మొదటి కాపు. ఇంకా ఆకుపచ్చగా, గట్టిగా, తుంచిన చోట రెండు ఆకులతో ఉంది.

"తొందరపడి కోశారు. కిటికీలో పెట్టు. రాత్రి చలి తగిలితే రంగు తిరుగుతుంది. పది రోజులాగి తిను," అన్నాడు. అతని జారిన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

"ఏం మామా, నా పెండ్లాం మింద కోపమా?" అన్నాడు ఖాదర్, అప్పుడు బయటికొచ్చి.

"ఆయమ్మికి సలాం చెప్పు. నువ్వు మాత్రం ఆయమ్మితో ఫోను గొంతు మానుకో."

"మానుకుంటే మాట్లాడేదానికి ఏముంటాది మామా?"

"తలుపు తీసినామని చెప్పు. ఆడ మొదులుపెట్టు."

ఆ సాయంత్రం ఖలందర్ నాలుగు తోబులూ పూర్తి చేశాడు. చీకటి పడేసరికి మంగలి షాపు ముందు కుర్చీలు నాలుగయ్యాయి, రొట్టెల భట్టీ దగ్గర వరస కట్టారు. ఎవరో ముసలాయన ముదురు గోధుమ రంగు తోబు అందుకుని, అక్కడికక్కడే భుజాల మీద కప్పుకుని, వెచ్చదనానికి కళ్ళు మూసుకున్నాడు. నూట పద్నాలుగా, నూట పదిహేడా అని ఖలందర్ బల్ల వెనక నుంచి మెడ సాచి చూశాడు. మనిషి ముఖం బాగుంది.

పని అనుకున్నదానికంటే తొందరగా జరిగింది. కాగితం నాలుగో రోజుకే చేతికొచ్చింది, ఎనిమిదో రోజు మధ్యాహ్నం విమానానికి టికెట్టు దొరికింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఒక పెట్టెలో, ఒక చేతిసంచిలో సరిపోయాయి. బయలుదేరే ముందు ఖాదర్ నారింజకాయను సంచి పక్క జేబులో పెట్టాడు. ఖలందర్ దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, కిటికీలో ఉన్నచోటే మళ్ళీ పెట్టాడు.

"ఇంగా కాలేదురా. ఈడనే మాగనీ."

టాక్సీ వీధి మలుపు తిరిగేదాకా అతను ముందు సీట్లో కూర్చుని కిటికీ అద్దం దించే ఉంచాడు.

మరుసటి రోజు ఉదయం బల్ల దగ్గర ఖాదర్ నిలబడ్డాడు. ఉన్ని బట్టల మూటలు ఆరు వచ్చి ఉన్నాయి. కిటికీలో నారింజకాయ వీధి వైపు పసుపు తిరిగింది, బల్ల వైపు ఇంకా ఆకుపచ్చగానే ఉంది.