పొలం పట్టని లెన్సు

నాగబాబుది పోర్ట్ బ్లెయిర్‌లో ఫోటో స్టూడియో. ఆ రోజు బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. చిన్నది అరచేతిలో ఇముడుతుంది, అందులో ఎదుటనున్నదంతా పడుతుంది. పెద్దది ముంజేయంత పొడవు. దూరానున్న పిట్ట కన్ను పడుతుంది, చుట్టూ ఉన్నదేదీ పడదు.

"పెద్దదే పట్రా భయ్యా," అన్నాడు గోపీచంద్. దీవుల చుట్టూ టూరిస్టులను తిప్పే బోటు అతనిది. "జెట్టీలో బోర్డు పెట్టాలి. మొసలి, బాతులు, బస్, అంతే. చచ్చిన మోడులూ మునిగిన పొలాలూ పడ్డాయంటే శ్మశానంలా ఉంటది. టూరిస్టు జంగిల్ చూడ్డానికొస్తాడు, ఎవడి ఏడుపో చూడ్డానిక్కాదు."

"చిన్నది కూడా తెస్తాలే."

"తెస్తే నీ చెయ్యి దాని మీదకే పోద్ది. వద్దు."

నాగబాబు చిన్నదాన్ని బీరువాలో పెట్టేశాడు. అతనికీ అదే నయమనిపించింది.

గోపీచంద్ చెప్పే జంగిల్ అడవి కాదు. ఫెరార్గంజ్ దాటాక ఉన్న వరిపొలాలు. సునామీ నాడు భూమి కుంగింది, వచ్చిన సముద్రం తిరిగి పోలేదు. అయిదేళ్ళుగా అక్కడ ఉప్పునీళ్ళు, చచ్చిన కొబ్బరి మోడులు. బాతులు చేరాయి. వాటి వెనక మొసళ్ళు చేరాయి. వాటి వెనక గోపీచంద్ చేరాడు. అందులో రెండెకరాలు నాగబాబు పెదనాన్న అసిరయ్యవి.

మునిగినదానికి బదులు భూమి ఇమ్మని అసిరయ్య రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. కిందటి నెల అక్కడి ఆఫీసరు, "అది పక్షుల చోటు కదా, బజార్లో ఒక స్టూడియో అద్దంలో ఫోటో చూశాను, పొలమెక్కడుంది?" అని పంపేశాడు. ఆ అద్దం నాగబాబుది. ఆ ఫోటో ఈ పెద్ద లెన్సుతో తీసిందే. పెదనాన్న ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నాగబాబు చాయ్ తాగుతూ విన్నాడు. ఏ స్టూడియో అని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. ఫోటోనీ తీసేయలేదు, దాన్ని చూసే గిరాకీ వస్తోంది మరి.

మర్నాడు పొద్దున్నే బోటు పెదనాన్న ఊరి రేవులో ఆగితే అసిరయ్య గెడ పట్టుకుని ఎక్కేశాడు.

"ఒరే నాగా, సుక్రవారం ఆపీసోడు మళ్ళీ రమ్మన్నాడ్రా. నా పొలం పోటో ఒకటి తియ్యి. అంతా కనపడాల."

పొలం దగ్గర నాగబాబు కెమెరా కంటికి పెట్టుకున్నాడు. మోడు బెరడు కనబడింది. పక్కకు తిప్పాడు. బాతు ముక్కు.

"పట్టట్లేదు పెదనాన్నా."

"ఏటి పట్టట్లేదు? రెండెకరాలే గదరా! మునిగినాక పెరిగిందేటి?"

గోపీచంద్ పగలబడి నవ్వాడు. "తాతా, అది పిట్టల లెన్సు."

అసిరయ్య గెడను నీళ్ళలో గుచ్చాడు. కాసేపటికి గట్టిగా తగిలింది. "గట్టు ఉందిరా!" లుంగీ ఎగగట్టి దిగిపోయాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగాయి.

"అరే తాతా, మగర్ హై, మొసలి! ఎక్కు!" అని అరిచాడు గోపీచంద్.

"గట్టెంబడి నడుస్తాను, నువ్వు తియ్యిరా. కింద గట్టు లేకుండా మడిసి నీళ్ళ మీద నడవడని ఆపీసోడికి తెల్దేటి?"

నాగబాబు చూశాడు. ముఖం ఒక్కటే పడింది. నీళ్ళు పడాలి, కాళ్ళు పడాలి, వెనక మోడుల వరస పడాలి. అందుకు దూరం చాలదు.

"ఇంకా ముందుకెళ్ళు పెదనాన్నా."

అన్నాక తన మాట తనకే వినబడింది. మొన్ననే ఈ నీళ్ళలో మొసలి దూడను లాక్కుపోయింది. చిన్న లెన్సుంటే ముసలాయన రెండడుగులు వేస్తే సరిపోయేది.

"ఇంకానేటి?"

"ఇంకా."

బాతులు లేచిపోయాయి. "నా బోర్డు!" అని గోపీచంద్ తల పట్టుకున్నాడు. ముసలాయన నీళ్ళ మీద గీత గీసినట్టు నడిచి, మూల దగ్గర తిన్నగా పక్కకు తిరిగాడు. నాగబాబు నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత కెమెరా దించేసి, "చాలు, వచ్చెయ్! వచ్చెయ్ పెదనాన్నా!" అని గొంతు చించుకున్నాడు. అసిరయ్య తొందరపడలేదు. తన పొలంలో ఆయన ఎప్పుడూ పరుగెత్తలేదు.

నాగబాబు చెయ్యందించి పైకి లాగాడు.

"పడిందేటి?"

"పడింది."

"పడక ఏటవుద్ది? నీ సాపు అద్దంలో పిట్ట ఎంత బాగా పడింది!"

నాగబాబు తలెత్తలేకపోయాడు. "ఎప్పుడు చూశావు?"

"కిందటి నెల్లోనే. ఆపీసు నుంచి సీదా అక్కడికే ఎల్లినాను. నువ్వు లోపల ఎవుడికో పోటో తీస్తన్నావు. పన్లో ఉన్నావని పిలవలేదు."

అసిరయ్య పక్కకు తిరిగి లుంగీ అంచు పిండుకున్నాడు.