ఎర్ర బాణం

ఆమె నూట పన్నెండో చొక్కాను తిరగేసి, చంక కింది కుట్టును దీపం దగ్గరికి లాగింది. ఒక పోగు బయటికొచ్చి ఉంది. దాని పక్కన గోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటించి, చొక్కాను ఎడమవైపు గంపలోకి విసిరింది. ఈ బట్టల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా ఇదే. తప్పులు పట్టడమే ఆమె ఒప్పుకున్న పని. బట్టలు కుట్టేది మిషన్ల మీది ఆడవాళ్ళే అయినా, మనసును కుట్టేవి మాత్రం ఆమె మాటలు. చాటుగా వాళ్ళు ఆమెకు పెట్టిన పేరు డేగ.

ఈ రోజు డేగ చూపంతా గడియారం మీదే ఉంది. నాలుగింటికి చెల్లెలు వస్తుంది. ఈమె పదకొండేళ్ళ కూతుర్ని సెలవులు రెండు నెలలూ తన దగ్గర ఉంచుకుంటానంది. ఒకటే షరతు: ఫోను వెంట రాకూడదు. పిల్ల తిండైనా మానుతుంది గానీ అందులో ఆట మానదు. పోయిన వారం లాక్కోబోతే తల్లి ముంజేతిని కొరికింది. ఆ గాట్లు ఇంకా ఉన్నాయి, తప్పు పట్టలేని కుట్టులా వరసగా. ఇవాళ ఫోను వదలకపోతే చెల్లెలు ఒక్కతే వెనక్కి పోతుంది. ఆ తర్వాత ఇక పిల్లను చూసుకోమని అడగడానికి వేరే మనిషి లేదు.

"ఇది నువ్వే సరే అన్నావక్కా," పక్క బల్లామె ఒక చొక్కా ఎత్తి చూపించింది. "కాలరు చూడు, ఎంత వంకరో. డేగకి కళ్ళజోడు కొనాలేమో."

ఆమె నవ్వలేదు. సగం పూట సెలవు చెప్పి బయల్దేరింది.

గుమ్మం బయట చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. చెల్లెలు ముందే వచ్చేసినట్టుంది, లోపల మాటలు వినబడుతున్నాయి.

"ఏముందే ఆ ఆటలో అంత?"

"పడిపోతే ‘ఇంకోసారి’ అంటుంది పిన్నీ. అమ్మయితే ‘ఇంకోసారా?’ అంటుంది."

చెల్లెలు కిసుక్కున నవ్వింది. పిల్ల నవ్వలేదు.

"అమ్మ బొమ్మ గీశాను. చేతికి ఆరు వేళ్ళు పడ్డాయంట. దాని మీద కూడా బాణం అంటించింది."

బయట ఆమె వేళ్ళు చెప్పు పట్టీ మీదే బిగుసుకున్నాయి. ఆ ఆరో వేలు బాగా గుర్తుంది. బొమ్మలో తన మొహం నవ్వుతూ ఉందో లేదో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

లోపలికి వెళ్ళింది. పిల్ల ఫోనును గుండెలకు అదుముకుంది. సంచి సర్ది ఉంది.

పిల్ల గౌనుకు ఒక గుండీ తప్పి, కింది అంచు ఒకవైపు వేలాడుతోంది. ఆమె కళ్ళు ఇట్టే పట్టేశాయి. పట్టేసిన సంగతి పిల్లకు తెలిసిపోయింది. గడ్డం దించి, దెబ్బ కాచుకునే మనిషిలా నిలబడింది.

"ఏంటమ్మా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఏం లేదు తల్లీ. బాగున్నావు."

పిల్ల వెంటనే నమ్మలేదు. మిగతాది కూడా వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఫోను స్టూలు మీద పెట్టి పిన్ని చెయ్యి పట్టుకుంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది.

స్టూలు మీద ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో ఒక చిన్న బొమ్మ కిందపడి, లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఎవరైనా వేలు ఆనిస్తారేమోనని నిలబడి ఉంది.