ఎలివేటరు దగ్గర ఎడమకి

నూనెగింజల పంట కనోలా పూతకొచ్చి పొలమంతా పసుపు పరిచినట్టుండే జూలై నెలంటే ఒరెస్ట్ కోబెల్‌కు ఒకప్పుడు ఇష్టం. ఇప్పుడు ఆ నెల వస్తే ఒళ్ళు మండుతోంది.

పొద్దున్నుంచి ఇది నాలుగో కారు. ఎర్ర చొక్కా మనిషొకడు నడుములోతు పూలలోకి దిగి, చేతులు చాపి నిలబడ్డాడు. భార్య ఫొటో తీస్తోంది.

"బయటికి రావయ్యా!" ట్రక్కులోంచే అరిచాడు ఒరెస్ట్.

"పుస్తకంలో రాశారండీ, చూడొచ్చని."

"చూడమన్నారు. తొక్కమన్నారా? లోపలికి రావద్దన్న ఆ బోర్డు కనపళ్ళేదూ?"

"కనపడిందండీ. దాని పక్కనా ఒకటి తీసుకున్నాం."

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం మొత్తాన్ని యాత్రికులకు ఒక్క గుక్కలో చెప్పే పుస్తకం అది. దక్షిణాన మైదానం, ఉత్తరాన అడవీ, లక్ష చెరువులూ. నేల అడుగున పొటాష్, నేల మీద గోధుమా, ఎర్రపప్పూ. ఆ వెనక చూడదగ్గవి. అందులో నాలుగోది ఒరెస్ట్ పొలం.

పూలు నలిగితే నలిగాయి. అతని భయం బూట్ల మట్టి గురించి. పడమటి జిల్లాల్లో కనోలాకు తెగులు తిరుగుతోంది. వేళ్ళు పిడికిళ్ళలా ఉబ్బి, మొక్క నిలువునా వాడిపోతుంది. ఆ పొలాల మట్టి బూటుకు చిటికెడు అంటినా చాలు. ఒకసారి దిగిందంటే పదిహేను, ఇరవై ఏళ్ళు నేలను వదలదు. ఒరెస్ట్‌కు ఇప్పటికే అరవై ఎనిమిది.

తన పొలాన్ని అందులోంచి తీసెయ్యమని మూడు ఉత్తరాలు రాశాక, రాజధాని రెజీనా నుంచి పుస్తకం రాసే మనిషే వచ్చింది. పేరు మెరిడెల్ ష్రోడర్. ఒరెస్ట్ భార్య వెర్నా ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి, బంగాళాదుంప కూరిన పెరోగీలు వడ్డించి, పైన మీగడ వేసింది. ఒరెస్ట్ మాత్రం గుమ్మంలో విడిచిన బూట్లనే చూస్తున్నాడు.

"నిన్న ఎక్కడున్నావు తల్లీ?"

"పడమర వైపండీ. రోజంతా పొలాల్లోనే. అబ్బ, ఎంత అందమో!"

ఒరెస్ట్ ఆ బూట్లు పట్టుకుని బయటికి వెళ్ళాడు. బ్లీచి కలిపిన బకెట్లో ముంచి, అడుగులు బ్రష్షుతో తోమి, నీళ్ళు కారుతుండగానే తెచ్చి పెట్టాడు.

"అయ్యో, అవి తోలువండీ!"

"ఆరతాయి."

ఆమె నిట్టూర్చి నోటుపుస్తకం తెరిచింది. "మీ పొలాన్ని తీసెయ్యడం నా చేతిలో లేదు కోబెల్ గారూ. జనానికి అదే నచ్చింది. కొత్త ముద్రణలో మీ మాటలే వేద్దామని వచ్చాను. ఈ ప్రాంతం భౌగోళికంగా ఎలా ఉంటుందండీ?"

"చదునుగా."

"ఇంకా?"

"గాలి."

"ఆర్థికంగా?"

"వాన పడితే ఉంటుంది."

"మరి చూడదగ్గవి?"

"ఏం లేవు."

"రాసుకో అమ్మా," అంది వెర్నా. "వారానికి సరిపడా మాట్లాడేశాడు."

"పోనీ దారైనా చెప్పండి. రోడ్డు నంబర్లు ఎవరికీ గుర్తుండవు. డన్‌బ్రే దాటితే ఫోన్లకు సిగ్నలుండదు. నంబర్లు తీసేసి మీరు చెప్పినట్టే వేస్తాను."

దారి అడిగితే చెప్పకపోవడం ఒరెస్ట్ వల్ల కాదు. ఎంత చిరాకులో ఉన్నా అది మర్యాద కాదు.

"డన్‌బ్రేలో రైలుకట్ట పక్క, ధాన్యం నిలవచేసే ఎలివేటరు దగ్గర ఎడమకి తిరగాలి. తిన్నగా పోతే పీటర్సన్ బడి. అది దాటాక రెండు మైళ్ళకి సర్వేవాళ్ళ హద్దు గీత. అక్కడ రోడ్డు మెలిక తిరుగుతుంది, కంగారు పడక్కర్లా. లిండ్‌హోమ్ వాళ్ళ ఎర్ర కొట్టం దగ్గర కుడికి."

ఆమె అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, మురిసిపోయి, తడి బూట్లలో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది.

"వద్దని మూడు ఉత్తరాలు రాసి, చివరికి దారి నువ్వే చెప్పావు," అంది వెర్నా. ఒరెస్ట్ వారం రోజులు తనను తానే తిట్టుకున్నాడు.

మరుసటి వసంతంలో కొత్త పుస్తకం వచ్చింది. వెర్నా పైకి చదువుతూ సగంలో ఆగి, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

"ఏవయ్యా, ఎలివేటరు కాలిపోయి ముప్పై ఏళ్ళు కాలేదూ?"

"కాలితే? చోటెక్కడికి పోతుంది?"

"పీటర్సన్ బడి చెక్క కట్టడాన్ని అలాగే చక్రాల మీద ఎక్కించుకుపోయి ఎవరో ఇల్లు చేసుకున్నారు."

"అయినా అది బడి మలుపే."

"లిండ్‌హోమ్ కొట్టం ఆ అమ్మాయి రాకముందే గాలికి పడిపోలా? నువ్వే కదా దాని చెక్కలు మోసుకొచ్చావ్!"

ఒరెస్ట్ కిటికీలోంచి తన ట్రాక్టరు పాకకేసి చూశాడు. చెక్కలు ఎర్రగానే ఉన్నాయి.

"ఊళ్ళో అందరూ అలాగే చెప్తారు," అన్నాడు విసుగ్గా. "ఆ అమ్మాయి తప్పు రాసిందని ఇప్పుడు మళ్ళీ ఉత్తరం రాయాలా?"

"రాశావంటే చేతులు విరగ్గొడతాను."

పంట మార్పిడి కోసం ఆ ఏడు కనోలా రోడ్డుకు అవతలి పొలంలో వేశాడు. జూలైలో పూత విరగబడింది. మొదటి వారం ఒక్క కారూ రాలేదు. రెండో వారమూ రాలేదు. అలవాటు కొద్దీ రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసొస్తూనే ఉన్నాడు.

మూడో వారం ట్రక్కు సామాను కోసం డన్‌బ్రే వెళ్ళి వస్తుంటే, రైలుకట్ట పక్క కలుపు మొక్కల్లో కారు ఆపుకుని దంపతులు పోట్లాడుకుంటున్నారు. ఆమె చేతిలో పుస్తకం.

"పెద్దాయనా, కాస్త ఆగండి! ఇక్కడ ఎలివేటరు ఎక్కడండీ? రెండు గంటల్నుంచీ తిరుగుతున్నాం."

"దాని మీదే నిలబడ్డారు కదయ్యా!"

ఇద్దరూ కాళ్ళ కింద చూసుకున్నారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పుస్తకం లాక్కుని వెనక సీట్లోకి విసిరాడు. కారు దుమ్ము రేపుకుంటూ హైవే వైపు పోయింది.

ఆ దుమ్ము అణిగేదాకా ఒరెస్ట్ ఆగాడు. తర్వాత ఎలివేటరు దగ్గర ఎడమకి తిరిగాడు.