ఒకే కారుకి రెండు పాలసీలు

"నేను చూస్తానని చెప్పానా, లేదా? అది చెప్పు చాలు," అన్నాడు భర్త. మూడు రోజుల్లో ఈ మాట అడగడం అయిదోసారో ఆరోసారో.

చెప్పారనే ఒప్పుకుంది ఆమె, బఠాణీలు ఒలుస్తూ. నిజంగానే చెప్పాడు. అదే కదా వచ్చిన చిక్కు.

ఆడపడుచు భర్త ఇన్సూరెన్సు ఏజెంటు. ఆదివారం వచ్చి, తీరిగ్గా టీ తాగి, కారు పాలసీ కాగితం బల్ల మీద పెట్టాడు. మంగళవారమే మీ ఆయన డబ్బు పంపాడమ్మా, చేతికిచ్చి పోదామని వచ్చాను అన్నాడు. పాత పాలసీ గురువారంతో ముగిసిపోతోందని ఆ రోజు భోజనాల వేళ, తను పనిచేసే ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని, ఫోన్లో ఇంకో కంపెనీకి పూర్తి ప్రీమియం కట్టేసింది ఆమె. ఒక కారు, రెండు పాలసీలు.

"మగాడు ఒక్కసారి బాధ్యతగా ఒక పని చేస్తే, అదీ నువ్వే చెడగొట్టావు అమ్మాయ్," అంది అత్తగారు.

"నాన్న పని చేస్తాడని ముందే తెలియడానికి ఏ కంపెనీ పాలసీ ఇస్తుంది నానమ్మా?" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు. అత్తగారు నవ్వాపుకోవడానికి దగ్గు తెచ్చుకుంది. భర్త నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేకపోయింది.

పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆయన "చూస్తాలే" అన్న పనులన్నీ ఒక దండగా గుచ్చితే ఈ ఇంటిని మూడు చుట్లు చుట్టొచ్చు. కారిపోతున్న కుళాయి, పిల్ల స్కూలు ఫారం, మేడమీద పగిలిన కిటికీ అద్దం. మొదట్లో ఆమె నమ్మేది. తన తల్లి కళ్ళకి పెద్ద డాక్టరు దగ్గర టైము తీసుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ డాక్టరు నాకు తెలిసినవాడే, నేను చూస్తాలే అన్నాడు ఆయన. నలభై రోజులు ఎదురుచూసింది. తనే ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని, కానీ ఆయన్ని నమ్మనట్టుంటుందని ఆగింది. నలభై ఒకటో రోజున తనే తీసుకెళ్తే, ఇంక లాభం లేదన్నారు డాక్టర్లు. అమ్మ ఆ తర్వాత బతికిన ఆరేళ్ళూ కూతుర్ని గొంతుతోనే గుర్తుపట్టింది. అప్పటినుంచీ ఆమె ఎదురుచూడటం మానేసింది. ఆయన చూస్తాలే అనగానే సరేనంటుంది, చెయ్యి తుడుచుకుని తనే చేసేస్తుంది. ఆయనకి అది ఎప్పుడూ కనబడలేదు. పనులు వాటంతటవే అయిపోతాయని ఆయన నమ్మకం.

ఇన్నేళ్ళకి ఒక్కసారి, ఎవరూ గుర్తుచేయకుండా ఆయన అన్న మాట నిలబెట్టుకుంటే, ఆ ఒక్కసారీ ఆమె నమ్మలేకపోయింది. ఆ సంగతి డబ్బుకంటే ఎక్కువగా తొలిచేస్తోంది.

డబ్బు తక్కువ బాధేం కాదు. అది ఇంటి ఖర్చుల్లోది కాదు. రికార్డుల నిర్వహణలో ఏడాది కోర్సు ఒకటుంది. సాయంత్రం క్లాసులు. అది ఉంటే సెక్షన్ ఆఫీసరు అవ్వొచ్చు. ఆమె తర్వాత చేరిన ఇద్దరు ఆ కోర్సు చేసి ఇప్పుడు ఆమె సెలవు చీటీల మీద సంతకాలు పెడుతున్నారు. పదకొండేళ్ళ కిందట ఒకసారి ఇంట్లో ఆ ఊసెత్తితే, "కూతురు పలక పట్టుకునే వేళకి తల్లీ పట్టుకుంటుందట," అని ఆడపడుచు నవ్వింది, అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా రెండేళ్ళుగా కూడబెట్టింది. ఫీజు కట్టడానికి ఈ నెల ఇరవై అయిదు ఆఖరు. ఇన్సూరెన్సు లేని కారులో భర్త ఎక్కడ ఇరుక్కుంటాడోనని అందులోంచే తీసి కట్టింది, జీతం రాగానే పూడ్చుకోవచ్చనుకుంది. జీతం రాగానే కారు ఈఎంఐ పోతుందన్న సంగతి ఆ కంగారులో తట్టలేదు.

ఆమె కట్టినదాన్నే రద్దు చేయించాలని ఇంట్లో తేలింది. బావ కమిషను పోగొడితే రేపు ఆయన మొహం ఎలా చూడను అన్నాడు భర్త. ముందు కట్టినది ఆయనే కాబట్టి ఆమె వాదించలేదు.

కంపెనీ ఆఫీసు ఆసుపత్రికి రెండు వీధుల అవతల. భోజనం మానుకుని వెళ్ళింది. కౌంటరులో ఆమె వయసే ఉన్న ఒకావిడ, మెడలో గొలుసుకి కళ్ళజోడు. అవతలి కంపెనీ పాలసీ కాపీ, కారు యజమాని సంతకం కావాలంది. ఆమె జీతంలోంచి నెలనెలా వాయిదా పోతున్న కారు భర్త పేరున ఉంది.

"డబ్బు నా ఖాతాలోంచి వెళ్ళిందండీ."

"ఎవరు కట్టారని కాదమ్మా. కారు ఎవరి పేరున ఉంటే రీఫండ్ వాళ్ళ ఖాతాకే వెళ్తుంది." తర్వాత ఫారంలో ఒక గడి చూపించింది. రెండుసార్లు కట్టడానికి కారణం. "ఇది మీరే రాయాలి. మీరూ మీవారూ ఒక ఇంట్లోనే ఉంటారుగా?"

అందులో వెటకారం లేదు. విడివిడిగా ఉండేవాళ్ళకి వేరే ఫారం ఉందట. ఉంటామంది ఆమె. కలం పట్టుకుని ఆ గడి వంక చాలాసేపు చూసింది. వెనక లైన్లో ఎవరో దగ్గారు. నా భర్త మాటని నేను నమ్మలేదు అని రాయడానికి అందులో చోటుంది. పొరపాటున అని రాసింది.

భర్త సంతకానికి ఎనిమిది రోజులు పట్టింది. ఫారం పేపర్ల కింద ఉండిపోయింది. రోజూ గుర్తుచేస్తే, "పారిపోతుందా ఏంటి, పెడతాలే," అన్నాడు. చివరికి ఆయన బూట్లు వేసుకుంటుంటే ముందర నిలబడి పెట్టించుకుంది.

ఇరవై అయిదో తారీఖు సాయంత్రం నాలుగింటికి కంపెనీకి ఫోన్ చేస్తే, మొన్ననే వేశామమ్మా అంది కౌంటరావిడ. వెంటనే భర్తకి చేసింది. "వచ్చింది. మర్చిపోయాను. నిన్ననే ఆ డబ్బుతో కారుకి టైర్లు వేయించాగా," అన్నాడాయన. అయిదింటికి కోర్సు ఫీజు కౌంటరు మూసేశారు. దాని పక్క వీధి బస్టాపులోనే నిలబడి, ఆమె ఎక్కాల్సిన రెండు బస్సుల్ని వదిలేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె తినకపోవడం కూతురే గమనించింది. ఏమైందమ్మా అంది. చెప్పింది. కోర్సు సంగతి, ఫీజు సంగతి, పోయిన గడువు సంగతి. చాలా మామూలుగా, వేరే ఎవరికో జరిగినట్టు చెప్పింది.

భర్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాకొక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, కొంచెం దెబ్బతిన్నట్టుంది.

చెప్పొచ్చు. అదీ నిజమే. ఆయన మంగళవారం కట్టి చెప్పలేదు, ఆమె గురువారం కట్టి చెప్పలేదు. ఆయన చెప్పాల్సిన అవసరం రాక చెప్పలేదు, ఆమె ఎదురుచూసీ చూసీ మానేసి చెప్పలేదు. ఈ రెంటికీ ఉన్న తేడా ఆయనకి విప్పి చెప్పాలంటే పందొమ్మిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మొదటి కుళాయి కారినప్పుడే, నలభై రోజుల్లో మొదటి రోజునే నోరు విప్పి ఉండాల్సింది. నలుగురూ నవ్విన రోజున తనూ నవ్వకుండా ఉండాల్సింది.

"ఏం చదువమ్మాయ్ అది?" అంది అత్తగారు.

ఈ ఇంట్లో ఎవరూ ఆమెని అడగని ప్రశ్న అది. రోగులు వెళ్ళిపోయాక వాళ్ళ కాగితాలు ఎలా భద్రపరచాలో నేర్పుతారత్తయ్యా అంది. అత్తగారు బుర్ర ఊపింది, అర్థమైనట్టే.

"మళ్ళీ ఎప్పుడుంది?" అన్నాడు భర్త.

"ఆరు నెలల్లో."

"అయితే ఇంకేం, అప్పటికి నేను చూ..." అని, కూతురు తలెత్తి చూడటంతో ఆగిపోయాడు.

ఆమె మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది. ముగ్గురి వంకా చూసి, నెమ్మదిగా చెప్పింది. "ఒకటో తారీఖు నుంచి కారు ఈఎంఐ నా జీతంలో పోదు. రేపు పొద్దున బ్యాంకుకి వెళ్ళి ఆపేసి వస్తాను. ఆ డబ్బు నా చదువుకి. క్లాసులు మొదలయ్యాక ఏడాదిపాటు ఎనిమిదింటికిగాని ఇంటికి రాను."